పాలు మానిన పందిపిల్లకు ముందు మేత, ఆ తర్వాతే ప్యాకెట్

పందిపిల్లలను తల్లి నుంచి వేరుచేశాక మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య పారుడు పట్టుకుంటుంది. నిన్నటిదాకా నున్నగా మెరిసిన పిల్లల వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, డొక్కలు లోపలికి పోతాయి, తోక కింద తడి కనిపిస్తుంది. చాలా ఫారాల నుంచి మందుల షాపుకు ఫోను వెళ్లేది సరిగ్గా అప్పుడే. షాపులో ప్రోబయాటిక్ ఉంటుంది, ఆసిడిఫయర్ ఉంటుంది, ఎంజైమ్ ఉంటుంది, టాక్సిన్ బైండర్ ఉంటుంది, ఇవన్నీ కలిపిన ప్యాకెట్ కూడా ఉంటుంది. వీటిలో పనికొచ్చేవి నిజంగానే ఉన్నాయి. కానీ ఏది ఎందుకు పనిచేస్తుందో తెలియకుండా కొంటే డబ్బూ పోతుంది, పిల్లా దక్కదు. ఫారంలో సూపర్‌వైజరుగా చేరినవాళ్లకు, సొంతంగా ఓ పదీ ఇరవై తల్లులను పెట్టుకుని నడుపుకునేవాళ్లకు, రోజూ దాణా కలిపే కుర్రాళ్లకు అక్కరకొస్తుందని ఇది రాస్తున్నాను.

తల్లి దగ్గర ఉన్నంతకాలం పిల్ల ఇంచుమించు గంటకోసారి వెచ్చటి పాలు తాగుతుంది. ఆ పాలలోని లాక్టోజ్ చక్కెరను కడుపులో ఉండే మంచి బ్యాక్టీరియా పులియబెట్టి లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయి. చిన్నపిల్ల కడుపు సొంతంగా కావలసినంత హైడ్రోక్లోరిక్ ఆమ్లం తయారుచేసుకోలేదు, ఈ లాక్టిక్ ఆమ్లమే ఆ లోటు పూడుస్తుంది. పాలలో వచ్చే యాంటీబాడీలు పేగు గోడకు కాపలా కాస్తాయి. పిల్లను వేరుచేసిన క్షణం నుంచి ఈ రెండూ ఆగిపోతాయి. వాటి స్థానంలో మొక్కజొన్న, సోయా చెక్క, సున్నపురాయి పొడి కలిసిన పొడి దాణా వస్తుంది. పెద్ద పంది కడుపులో పీహెచ్ 2, 3 దగ్గర ఉంటే, కొత్తగా పాలు మానిన పిల్లలో దాణా తిన్నాక అది 4, 5 దాకా పోతుంది. పులుపు తగ్గితే మాంసకృత్తులు సరిగ్గా అరగవు. అరగనివి పెద్దపేగులోకి జారి కుళ్లుతాయి, చెడ్డ బ్యాక్టీరియాకు మేతవుతాయి. నోటి ద్వారా లోపలికి పోయే క్రిములను కడుపులోనే చంపే పులుపు కూడా ఉండదు.

రెండో దెబ్బ చిన్నపేగుకు తగులుతుంది. దాని లోపలి గోడ మీద తువ్వాలు నూగులా సన్నని పోగులు ఉంటాయి, వాటిని విల్లై అంటారు. ఆహారాన్ని పీల్చుకునేవి అవే. పిల్ల తిండి మానేస్తే ఆ పోగులు రెండు మూడు రోజుల్లోనే సగం దాకా కురచబడతాయి. పేగు గోడలోని కణాలు తమ బలంలో పెద్ద భాగాన్ని పేగులో నడిచే ఆహారం నుంచే నేరుగా తీసుకుంటాయి కాబట్టి ఇలా జరుగుతుంది. పేగు ఖాళీగా ఉంటే గోడే పస్తు ఉంటుంది. అలాంటి పేగుకు ఈ.కోలై అనే బ్యాక్టీరియా తగిలిందంటే, ముఖ్యంగా ఎఫ్4, ఎఫ్18 అనే రకాలు, అవి గోడకు అతుక్కుని విషం వదులుతాయి. ఆ విషం పేగులోకి నీళ్లు తోడిపోస్తుంది. పిల్ల చనిపోయేది ఎక్కువగా ఒంట్లో నీరు ఇంకిపోయే.

కాబట్టి మొదటి మూడు రోజులు మీరు చేయవలసిన అసలు పని ఒక్కటే. ప్రతి పిల్లా తినేలా, తాగేలా చూడటం. ఏ ప్యాకెట్ అయినా దాణాలో కలిసే లోపలికి పోవాలి. తినని పిల్లకు అది చేరనే చేరదు. రోగం మొదట పట్టేది ఆ తినని పిల్లకే.

మొదటి రోజు సాయంత్రం గదిలోకి దిగండి. బయట నిలబడి చూస్తే తెలియదు. ఒక్కో పిల్లను పట్టుకుని చివరి పక్కటెముక వెనక, తొడకు ముందు ఉండే డొక్క మీద అరచేయి పెట్టి చూడండి. తిన్న పిల్లకు అక్కడ ఉబ్బి, కొంచెం గట్టిగా తగులుతుంది. తినని పిల్లకు చేయి లోపలికి పోతుంది. అలాంటి పిల్లల వీపు మీద రంగుతో గీత గీయండి. రంగు పెన్సిల్ దొరక్కపోతే నీలిరంగు గాయం మందైనా చాలు. రెండో రోజు పొద్దున మళ్లీ చూసి, ఇంకా డొక్క పూడని గీత పిల్లలను విడిగా ఒక చిన్న గదిలో పెట్టి అంబలి పట్టించండి. ఒక వంతు దాణాకు రెండు వంతుల గోరువెచ్చటి నీళ్లు కలిపి, వెడల్పాటి లోతులేని పళ్లెంలో పోయాలి. అరగంట తర్వాత మిగిలింది పారబోసి పళ్లెం కడగాలి. పులిసిపోయిన అంబలే తర్వాత పారుడుకు కారణమవుతుంది. రోజుకు నాలుగైదు సార్లు ఇలా చేయడం కష్టమైన పనే. అయినా ఈ ఒక్క పనికి మనిషిని కేటాయించిన ఫారానికీ, తొట్టి నింపి వెళ్లిపోయే ఫారానికీ రెండు వారాల తర్వాత పిల్లల బరువులో తేడా కళ్లకే తెలుస్తుంది.

తల్లి దగ్గర పిల్లలన్నీ ఒకేసారి తాగడానికి అలవాటుపడి ఉంటాయి. అందుకే మొదటి రోజుల్లో అన్నీ పక్కపక్కన నిలబడి తినేంత చోటు తొట్టి దగ్గర ఉండాలి. మొదటి రెండు రాత్రులు ఒక బల్బు వెలిగించి ఉంచండి.

నీళ్ల గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. తల్లి కింద ఉన్నప్పుడు పాలే నీళ్లు, పాలే తిండి కాబట్టి, పిల్లకు నిప్పుల్ అంటే ఏమిటో తెలియదు. మొదటి రోజు నేల మీద పళ్లెంలో కూడా నీళ్లు పెట్టండి, నిప్పుల్ నుంచి చుక్కలు కారేలా ఒక పుల్ల దోపండి, ఆ చప్పుడుకు వస్తాయి. పది పిల్లలకు ఒక నిప్పుల్, పిల్ల భుజం ఎత్తులో ఉండాలి. లీటరు సీసా పట్టి నొక్కి చూడండి. అది నిండటానికి రెండు నిమిషాలకు మించి పడితే నిప్పుల్ శుభ్రం చేయాల్సిందే. వేసవిలో మన రాయలసీమలోనో, కరీంనగర్ వైపో మిద్దె మీద నల్లటి ట్యాంకు పెడితే మధ్యాహ్నానికి నీళ్లు కాలిపోతుంటాయి, పిల్లలు ముట్టవు. ట్యాంకుకు నీడ కల్పించడానికి అయ్యే ఖర్చు ఒక ప్రోబయాటిక్ డబ్బా ఖర్చు కన్నా తక్కువే.

వెచ్చదనం కూడా అంతే. వేరుచేసిన మొదటి వారం పిల్ల పడుకునే చోట 28 నుంచి 30 డిగ్రీలు ఉండాలి. మన దగ్గర పగటి ఎండ చూసి ఈ సంగతి మర్చిపోతాం. డిసెంబరులో ఆదిలాబాద్ రాత్రి, కడిగి ఆరని సిమెంటు నేల, కింది నుంచి వచ్చే గాలి, ఈ మూడూ కలిస్తే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి పడుకుంటాయి. ఆ దృశ్యం కనిపిస్తే గోనె పరదాలు దించి, ఎండుగడ్డి పరవండి. సాయంత్రం పూట గది కడగకండి.

ఇక ఎన్ని రోజులకు వేరుచేయాలి? తల్లి నుంచి వేరుచేసిన వారం లోపల తల్లి మళ్లీ ఎదకు వస్తుంది కాబట్టి యజమానికి తొందర ఉంటుంది. యూరప్‌లో 28 రోజులకు చేస్తున్నారని మనమూ చేయాలనుకుంటాం. అక్కడ గది మొత్తం వేడిని అదుపులో పెట్టే ఏర్పాటు ఉంటుంది, పాలపొడి, వే పౌడర్ కలిపిన దాణా ఉంటుంది. అవి లేనిచోట 35 నుంచి 42 రోజుల దాకా ఆగమనే నా సలహా. తల్లి దగ్గర అదనంగా ఉండే ఆ వారం, రెండు వారాలు ఏ డబ్బాలోనూ దొరకవు. ఎలాగూ పదో రోజు నుంచి, లేదా రెండు వారాల వయసు నుంచైనా, తల్లికి అందని మూలలో కొద్దికొద్దిగా క్రీప్ దాణా, అంటే పాలు తాగే వయసులోనే అలవాటు చేసే దాణా, పెడుతూ ఉండాలి. వేరుచేసేటప్పుడు పిల్లలను కాకుండా తల్లిని తీసేయండి. పిల్లలు అదే గదిలో, అదే వాసనలో, అదే దాణాతో ఓ నాలుగైదు రోజులు ఉండనివ్వండి. విత్తులు తీయడం, స్వైన్ ఫీవర్ టీకా, వేరే ఈత పిల్లలతో కలపడం, లారీ ఎక్కించడం, ఇవేవీ ఆ రోజుకు పెట్టుకోకండి.

దాణా గోనె విప్పి చూద్దాం

పారుడుకు మందు వెతికేముందు దాణా చీటీ చూడాలి. పిల్లలు త్వరగా పెరగాలని 22, 23 శాతం మాంసకృత్తులు పెట్టడం చాలాచోట్ల చూస్తాం. పులుపు లేని కడుపు అంత మాంసకృత్తిని అరిగించలేదు. మొదటి రెండు వారాలు 18, 19 శాతం దగ్గర ఆపి, లైసిన్, మిథియోనిన్, థ్రియోనిన్ విడిగా కలిపితే పెరుగుదల తగ్గదు, పారుడు తగ్గుతుంది. విడి అమైనో ఆమ్లాలు కలపకుండా మాంసకృత్తు మాత్రం తగ్గించకండి, అప్పుడు పిల్ల ఎదగదు.

సోయా చెక్క మంచిదే, కానీ అదొక్కటే ఆధారమైతే చిన్న పేగు ఓర్చుకోలేదు. సోయాలో పిల్ల అరిగించుకోలేని చక్కెరలు ఉంటాయి, కొన్ని పిల్లల పేగుకు ఎలర్జీ తెప్పించే ప్రోటీన్లూ ఉంటాయి. క్రీప్ దాణాలోనే కొంచెం సోయా అలవాటు చేసి, వేరుచేశాక మొదటి వారాల్లో దాని వాటా తగ్గించి, మంచి చేపపొడినో పాలపొడినో కొంత చేర్చాలి. చేపపొడి అన్నానంటే తీరంలో ఇసుకలో ఆరబెట్టిన ఉప్పు చేపల పొడి కాదు. అందులో ఇసుకా, ఉప్పూ, ఒక్కోసారి సాల్మొనెల్లా వస్తాయి. వేయించని పచ్చి సోయా గింజలు మాత్రం ఏ వయసు పందికీ పెట్టకూడదు. మాంసకృత్తులను అరిగించే ఎంజైమ్‌ను అడ్డుకునే పదార్థం వాటిలో ఉంటుంది.

మన దగ్గర సులువుగా దొరికే బంగారం లాంటి సరుకు నూకలు. బియ్యపు పిండిపదార్థం చిన్నపేగులోనే దాదాపు పూర్తిగా అరిగిపోతుంది, పెద్దపేగులో పులియడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఆస్ట్రేలియాలోని మర్డాక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990ల్లో ఉడికించిన తెల్ల అన్నం ఆధారంగా దాణా పెట్టి, పందుల పేగు రోగాల మీద దాని ప్రభావాన్ని పరీక్షించారు. రక్తవిరేచనాల రోగాన్ని అది బాగా అడ్డుకుందని తేల్చారు. మొక్కజొన్నలో కొంత వాటా తీసేసి ఉడికించిన నూకలు పెట్టడం గోదావరి జిల్లాల రైతుకో, నల్లగొండ రైతుకో కష్టమేం కాదు. పొద్దున ఉడికించింది సాయంత్రానికి మిగలకుండా చూసుకోవాలి, అంతే. తవుడు సంగతి వేరు. మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడు కొద్ది రోజుల్లోనే ముక్కిపోయి చేదెక్కుతుంది. అది పిల్లలకు వద్దు. గోధుమ పొట్టు అయితే నాలుగైదు శాతం దాకా కలపొచ్చు. ఆ కొద్దిపాటి పీచు పేగు కదలికను సరిచేస్తుంది.

ఎవరూ పట్టించుకోని ఇంకొకటి సున్నపురాయి పొడి. దాణాలోని సరుకుల్లో ఆమ్లాన్ని బాగా ఎక్కువగా పీల్చేసేవాటిలో ఇదొకటి. పిల్ల కడుపు కష్టపడి తయారుచేసుకున్న కాస్త పులుపును ఇది విరిచేస్తుంది. ఒకవైపు సున్నపురాయి పొడి ధారాళంగా వేస్తూ, ఇంకోవైపు ఖరీదైన ఆసిడిఫయర్ కొంటే, ఒక చేత్తో పోసింది రెండో చేత్తో తోడేసినట్టే. మొదటి రెండు వారాలు కాల్షియం 0.6, 0.7 శాతం దగ్గర ఆపండి. రెండు వారాల్లో ఎముకలకు నష్టమేమీ రాదు. దానిలో కొంత భాగం కాల్షియం ఫార్మేట్ రూపంలో ఇస్తే ఇంకా మంచిది. ఖర్చు లేకుండా చేయగలిగిన మార్పు ఇది, అందుకే దీన్నే ముందు చేయమంటాను.

ఇప్పుడు ప్యాకెట్లు

28 రోజులకు వేరుచేసిన పిల్ల మొదటి రెండు వారాల్లో తినేదంతా కలిపి నాలుగైదు కిలోల దాణాయే. అమ్మేదాకా అది తినబోయే మొత్తంలో ఇది చాలా చిన్న వాటా. కాబట్టి డబ్బు పెట్టాలనుకుంటే ఇక్కడే పెట్టండి, మంచి సరుకే పెట్టండి. పెద్ద పందుల దాణాలో ఏడాది పొడుగునా ప్రోబయాటిక్ చల్లడం కన్నా ఇది నయం.

ఒక్కటే కొనగలిగితే ఆమ్లం, అంటే ఆసిడిఫయర్, కొనండి. ఫార్మిక్, లాక్టిక్, సిట్రిక్, ఫ్యుమారిక్, బెంజోయిక్, ఇవన్నీ ఈ కోవలోవే. ఇవి కడుపులో పులుపు నిలబెడతాయి, కొన్ని నేరుగా బ్యాక్టీరియా లోపలికి దూరి చంపుతాయి. యాంటీబయాటిక్ కాని ఎదుగుదల మందుగా యూరప్ 2001లో మొట్టమొదట అనుమతించింది పొటాషియం డైఫార్మేట్ అనే ఆమ్ల లవణాన్నే. బెంజోయిక్ ఆమ్లం అయితే టన్నుకు ఐదు కిలోలు, అంతకు మించకూడదు. సిట్రిక్ ఆమ్లం టన్నుకు పది నుంచి ఇరవై కిలోలు వేస్తేగానీ పని కనిపించదు. టన్నుకు అరకిలో చాలు అనే ఆసిడిఫయర్ కనిపిస్తే లోపల ఏముందో గట్టిగా అడగండి. నీళ్లలో కలిపే ద్రవ ఆమ్లాలైతే పీహెచ్ కాగితం కొనుక్కుని, నీటి పీహెచ్ 4 కన్నా కిందికి పోకుండా చూసుకోండి. మరీ పుల్లగా ఉంటే పిల్లలు తాగడం మానేస్తాయి, ఆ పులుపు ఇనుప పైపులనూ తినేస్తుంది. ఘాటైన ఫార్మిక్ ఆమ్లం పోసేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకోవాలి. కుర్రాళ్ల చేత వట్టి చేతులతో పోయించకండి.

ఎంజైముల్లో ఫైటేజ్ దాదాపు తప్పనిసరి అనుకోవచ్చు. గింజల్లో, పొట్టులో బంధించి ఉన్న భాస్వరాన్ని విడిపిస్తుంది, దానితోపాటు జింకును కూడా. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్) కొంత తగ్గించుకోవచ్చు కాబట్టి దాని ఖర్చును అదే రాబట్టుకుంటుంది. మిగతా ఎంజైములు మీరు వాడే సరుకును బట్టి ఉంటాయి. గోధుమ, పొట్టు ఎక్కువైతే జైలనేజ్ పనికొస్తుంది. నూకలూ మొక్కజొన్నా మాత్రమే వాడేవాళ్లకు దానివల్ల ఒరిగేది తక్కువ.

ప్రోబయాటిక్ కొనేటప్పుడు డబ్బా మీద రెండు సంగతులు చూడండి. ఒకటి, అందులో ఉన్న క్రిమి పేరు. బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ లైకెనిఫార్మిస్ లాంటివి గింజకట్టి నిద్రపోయే రకాలు. పెల్లెట్ మిషన్ వేడినీ, షెడ్డు ఎండనూ తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్ అయితే వేడికి చస్తుంది, దాన్ని చల్లగా దాచి, పెల్లెట్ చేయని దాణాలోనో అంబలిలోనో కలపాలి. రెండోది లెక్క. కిలో దాణాకు సుమారు వంద కోట్ల జీవకణాలు పడాలి. డబ్బా మీద గ్రాముకు 200 కోట్లు అని ఉండి, టన్నుకు అరకిలో వేయమంటే లెక్క సరిపోతుంది. గ్రాముకు కోటి అని ఉండి అదే అరకిలో వేయమంటే కిలో దాణాకు పడేది 50 లక్షలే. ఆ లెక్క మీరే వేసుకోండి, అమ్మేవాళ్లు వేసి చూపించరు. బోరు ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసిన రోజు నీళ్లలో ప్రోబయాటిక్ కలపకండి. యాంటీబయాటిక్ నడుస్తున్న రోజుల్లో లాక్టోబాసిల్లస్ ఇవ్వడమూ దండగే.

ఈస్ట్ గోడల నుంచి తీసే మానన్ చక్కెరలు, ఒరెగానో, థైమ్, దాల్చిన చెక్క నూనెలు, వెల్లుల్లి పొడి, ఇవి కొన్నిచోట్ల మంచి ఫలితం ఇచ్చాయి, కొన్నిచోట్ల ఏమీ చేయలేదు. శుభ్రమైన ఫారంలో వీటి తేడా పెద్దగా తెలియదు. డబ్బు మిగిలితే వేయొచ్చు. ఘాటు నూనెలు ఎక్కువైతే పిల్లలు దాణాను వదిలేస్తాయని మాత్రం గుర్తుంచుకోండి.

టాక్సిన్ బైండర్ మన వాతావరణంలో అవసరమే. తడి మొక్కజొన్న, బూజు వేరుశెనగ చెక్క అఫ్లాటాక్సిన్‌కు పుట్టిళ్లు. బెంటొనైట్ లాంటి మట్టి పొడులు అఫ్లాటాక్సిన్‌ను బాగా పట్టుకుంటాయి, మిగతా బూజు విషాలను అంతగా పట్టవు. అందుకని బైండర్ ఉంది కదా అని బూజు గింజ పిల్లలకు వేయకండి. గింజ తేమ 12, 13 శాతానికి మించకుండా ఎండబెట్టి, బస్తాలను నేల మీద కాకుండా చెక్కల మీద పేర్చాలి. అనుమానం ఉన్న చెక్కను పిల్లల దాణాలో పూర్తిగా మానేయండి.

జింక్ ఆక్సైడ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. దాణాలో 2500 పీపీఎం జింకు అందేలా, అంటే టన్నుకు మూడు కిలోలకు పైచిలుకు జింక్ ఆక్సైడ్, రెండు వారాలు పెడితే పారుడు నిజంగానే తగ్గుతుంది. అది అబద్ధం కాదు. దశాబ్దాల పాటు ప్రపంచమంతా వాడింది. కానీ పిల్లకు అవసరమైన జింకు 100 పీపీఎం ప్రాంతమే. మిగిలినదంతా పేడలో బయటికి వస్తుంది, నేలలో పేరుకుంటుంది, అక్కడ కరిగిపోయేది కాదు. అంత జింకులో బతకడం నేర్చిన బ్యాక్టీరియా యాంటీబయాటిక్‌లను తట్టుకోవడం కూడా నేర్చుకుంటోందని తేలింది. అందుకే యూరోపియన్ యూనియన్ మందు మోతాదులో జింక్ ఆక్సైడ్‌ను 2022 జూన్ నుంచి ఆపేసింది. మీ ఫారంలో వాడక తప్పదనుకుంటే పశువైద్యుడు చెప్పిన మేరకు, వేరుచేసిన 14 రోజుల వరకే వాడి ఆపేయండి. అమ్మే వయసు దాకా అదే దాణా నడపడం మాత్రం కూడదు, ఎక్కువ రోజులైతే పిల్లకే విషమవుతుంది. పైగా ఇది కూడా ఆమ్లాన్ని విరిచేదే.

మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కొన్ని ప్రీమిక్సుల్లో ముందే ఉంటుంది. చీటీ చదవకుండా విడిగా మళ్లీ వేస్తే మోతాదు దాటిపోతుంది. ఇంకొక జాగ్రత్త మన పల్లెల్లో ముఖ్యం. పందుల ఫారం పక్కనే గొర్రెల మంద ఉండటం మామూలే. పందికి మేలు చేసే రాగి గొర్రెకు విషం, దాని కాలేయంలో పేరుకుని ఒక్కసారిగా చంపేస్తుంది. పంది దాణా మిగిలిందని గొర్రెలకు పోయకండి. రాగి ఎక్కువగా ఉన్న పేడ చల్లిన చేలో వెంటనే మేపకండి.

యాంటీబయాటిక్ కలిపిన దాణా ఊసు ఎత్తకపోతే ఈ వ్యాసం పూర్తికాదు. 1986లో స్వీడన్ ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్ కలపడం నిషేధించింది. మొదట్లో అక్కడా పిల్లలకు పారుడు పెరిగింది. ఆ తర్వాత దాణాలో మాంసకృత్తు తగ్గించి, గదులు ఒక్కో గుంపుకు ఖాళీ చేసి కడిగి, పిల్లలను ఆలస్యంగా వేరుచేసి నిలదొక్కుకున్నారు. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ మొత్తం మానేసింది. 2015లో చైనాలో కొలిస్టిన్‌ను తట్టుకునే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకొకదానికి పాకిపోతోందని, అది పందుల్లోనూ మనుషుల్లోనూ ఉందని బయటపడింది. మనుషులకు వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఇచ్చే చివరి మందుల్లో కొలిస్టిన్ ఒకటి. మన దేశం 2019 జులైలో ఆహారం కోసం పెంచే పశువుల్లో, కోళ్లలో, చేపల్లో, దాణాలో దాన్ని నిషేధించింది. పాత స్టాకు ఉందని ఎవరైనా అంటగడితే తీసుకోకండి. ఆసుపత్రిలో మన ఇంటి మనిషికే ఆ మందు అవసరం పడొచ్చు.

కలపడం

మంచి ప్యాకెట్ కూడా కలపడంలో పాడవుతుంది. అర టన్ను దాణాలో కిలో పొడి నేరుగా పోసి పారతో నాలుగుసార్లు తిప్పితే ఒక బస్తాలో ఏమీ ఉండదు, ఇంకో బస్తాలో పది రెట్లు ఉంటుంది. ఇలా చేయండి. ప్లాస్టిక్ పట్టా పరిచి, కిలో పొడికి కిలో మెత్తటి మొక్కజొన్న పిండి కలిపి రంగు ఒకేలా కనిపించేదాకా తిప్పండి. ఆ రెండు కిలోలకు రెండు కిలోల పిండి, ఆ నాలుగింటికి నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పదహారు కిలోల దాకా తీసుకెళ్లండి. దాన్ని మిక్సర్‌లో దాణా సగం పడ్డాక వేసి, మిగతా సగం పైన పోయండి. ఆమ్లాన్నీ, ప్రోబయాటిక్‌నూ, విటమిన్లనూ ఒకే చిన్న గిన్నెలో కలిపి ఉంచకండి. గాఢంగా ఒకదానికొకటి తగిలితే పాడైపోతాయి. పెద్ద మొత్తంలో పిండితో విడివిడిగా కలిశాక ఫరవాలేదు. కలిపిన తేదీ బస్తా మీద రాయండి, రెండు మూడు వారాల్లో అయిపోయేంతే కలపండి.

కొత్త ప్యాకెట్ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి మీ ఫారమే సరైన చోటు. ప్రతి ఈతలో పిల్లలను సగం సగం చేసి రెండు గదుల్లో పెట్టండి. ఒక గదికి పాత దాణా, ఇంకో గదికి ప్యాకెట్ కలిపింది. వేరుచేసిన రోజు, పద్నాలుగో రోజు తూకం వేయండి, తిన్న దాణా రాయండి, చచ్చినవీ పారినవీ రాయండి. ఒక్క గుంపుతో తేల్చేయకుండా మూడు నాలుగు గుంపులు చూడండి. పేడ గట్టిపడిందని ఒక్కటే చూసి మురిసిపోకండి, తూకంలో తేడా రావాలి. ఆ పుస్తకం చూపించి మాట్లాడితే యజమాని ఖర్చుకు ఒప్పుకుంటాడు, కంపెనీ ప్రతినిధి కూడా జాగ్రత్తగా మాట్లాడతాడు.

హోటళ్ల నుంచి, హాస్టళ్ల నుంచి మిగులు తెచ్చి పందులకు పెట్టేవాళ్లు మన దగ్గర ఎక్కువ. పెద్ద పందులకు పెట్టాలన్నా ముందు కనీసం అరగంట కళపెళా మరిగించాలి. 2020లో ఈశాన్య రాష్ట్రాల ద్వారా మన దేశంలోకి వచ్చిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మాంసపు తునకల్లోనూ బతికి ఉంటుంది, దానికి చికిత్స లేదు. పాలు మానిన పిల్లలకు మాత్రం మరిగించినా హోటల్ మిగులు వద్దు. అందులో నూనె, కారం, ఉప్పు ఎంత ఉందో ఎవరికీ తెలియదు. నీళ్లు అందని పిల్ల ఉప్పు తిండి తింటే తల వణికి, గోడకు తల ఆనించి, ఫిట్స్ వచ్చి పడిపోతుంది. ఆ లక్షణాలు కనిపిస్తే ఒక్కసారిగా కడుపునిండా నీళ్లు తాగనివ్వకండి, కొద్దికొద్దిగా ఇస్తూ డాక్టరును పిలవండి.

ఇంత చేసినా పారుడు మొదలైతే ముందు నీళ్లు. మనుషుల ఓఆర్ఎస్ ప్యాకెట్టే లీటరు నీళ్లకు ఒకటి చొప్పున కలిపి పళ్లెంలో పెట్టండి, పక్కనే మామూలు నీళ్లూ ఉంచండి. దాణా ఒక రోజు సగానికి తగ్గించి, ఎక్కువసార్లు తక్కువతక్కువగా వేయండి. గది పొడిగా ఉంచండి. పారుతున్న పిల్లల గదిలోకి ఆఖరున వెళ్లండి, బయటికి వస్తూ బూట్లు కడగండి. తాజాగా కారిన పేడకు పీహెచ్ కాగితం అంటించి చూడండి. 8 దగ్గరో ఆపైనో చూపిస్తే ఈ.కోలై అనుమానం ఎక్కువ, పుల్లగా చూపిస్తే రోటా వైరస్ లాంటివి కావచ్చు. ఇది సూచన మాత్రమే, డాక్టరుకు ఫోనులో చెప్పడానికి పనికొస్తుంది. కనురెప్పలు వాచి, నడక తూలి, బాగా తింటున్న బలమైన పిల్లే పొద్దుటికల్లా చచ్చి పడితే అది ఈ.కోలైలో ఇంకొక రకం తెచ్చే ఎడీమా రోగం. దానికి ఆలస్యం చేయకుండా డాక్టరు రావాలి, ఈలోగా మిగతా పిల్లలకు దాణా తగ్గించాలి.

ఒకటి రెండు చచ్చిపోతే పాతిపెట్టేముందు పశువైద్యుడికి చెప్పి, జిల్లా కేంద్రంలోని వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల మీద ప్రత్యేకంగా పరిశోధన జరుగుతోంది, తెలంగాణవాళ్లకు రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పంపే పిల్ల ఇంకా ఏ యాంటీబయాటిక్ పడనిదై ఉండాలి, చచ్చి కొన్ని గంటలే అయి ఉండాలి. రెండు పొరల పాలిథిన్ సంచిలో చుట్టి, ఐసు మధ్య పెట్టి, వేరుచేసిన తేదీ, పారుడు మొదలైన తేదీ, దాణా చీటీ, ఇచ్చిన మందుల పేర్లు కాగితం మీద రాసి జతచేయండి. ఏ మందుకు ఆ క్రిమి లొంగుతుందో పరీక్ష చేసి చెప్పమని అదే కాగితం మీద అడగండి.